మీ ప్రాంతంలో పరిశ్రమలను కలిపే సంస్థ పెట్టి నడపడం ఎలా: సమస్య పట్టుకున్న రోజు నుంచి మొదటి ఆర్డర్ దాకా

గుంటూరు మిర్చి యార్డు నుంచి విజయవాడ ఆటోనగర్‌కి గంట, గంటన్నర ప్రయాణం. ఇటు పక్క ఫిబ్రవరి, మార్చి నెలల్లో కల్లం మీద ఆరబోసిన కాయకి రాత్రి మంచు తగిలినా, వేళకాని వేళ ఒక జల్లు పడినా రైతు ఇంటిల్లిపాదీ పట్టాలు పట్టుకుని పరుగెత్తాల్సిందే. అటు పక్క రేకు కోసి, వంచి, వెల్డింగ్ పెట్టి లారీలకి బాడీలు కట్టే మేస్త్రీలు వీధులకి వీధులు ఉన్నారు. వేడిగాలి బయటికి పోకుండా పెద్ద పెట్టె ఒకటి కట్టాలంటే వాళ్లని మించిన చేతులు ఈ చుట్టుపక్కల దొరకవు. లాంలో మిర్చి రకాల మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఉద్యాన పరిశోధనా కేంద్రం ఉంది. బాపట్లలో పంట కోత తర్వాతి పనుల మీదే పనిచేసే వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కేంద్రం ఉంది. గుంటూరులోనే స్పైసెస్ బోర్డు నాణ్యతా పరీక్షల ల్యాబ్ ఉంది, ఎక్స్‌పోర్టర్లు ఉన్నారు, కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. అందరూ ఇంత దగ్గర్లో ఉన్నా ఒకరి చేతిలోని పని ఇంకొకరి కష్టానికి పనికొస్తుందని చాలాసార్లు తట్టదు, తట్టినా ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో తెలీదు.

ఆ ఫోన్ చేసి, వాళ్లని కూర్చోబెట్టి, మధ్యలో వచ్చే అనుమానాలు తీర్చి, వస్తువు తయారై డబ్బు చేతులు మారేదాకా వెంట ఉండే సంస్థనే మధ్యవర్తి సంస్థ అంటున్నాను. మన దగ్గర ఇవి కొత్త కాదు. 2015లో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో మొదలైన టీ-హబ్ స్టార్టప్‌లనీ పెద్ద కంపెనీలనీ పెట్టుబడిదారులనీ ఒకచోటికి తెచ్చింది. 2017లో వచ్చిన రిచ్, అంటే రీసెర్చ్ అండ్ ఇన్నోవేషన్ సర్కిల్ ఆఫ్ హైదరాబాద్, నగరంలోని పరిశోధనశాలల్లో ఉన్న విజ్ఞానాన్ని మార్కెట్ వైపు నడిపించే పని పెట్టుకుంది. 2023లో తెరిచిన టీ-వర్క్స్‌లో వస్తువు నమూనా చేసుకోవడానికి యంత్రాలు దొరుకుతాయి. విశాఖలో 270 ఎకరాల మెడ్‌టెక్ జోన్ వైద్య పరికరాల తయారీదారులకి ఉమ్మడి పరీక్షా కేంద్రాలు ఏర్పాటు చేసింది, ఒక్కో కంపెనీ సొంతంగా పెట్టుకోలేనంత ఖరీదైనవి. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ అమరావతి కేంద్రంగా, మిగతా ప్రాంతాల్లో శాఖలతో మొదలైంది.

ఇవి పెద్దవి, ప్రభుత్వం వెనక ఉన్నవి. ఈ మార్గదర్శి జిల్లా స్థాయిలో ఇలాంటి పని తలకెత్తుకోవాలనుకునే వాళ్ల కోసం: ఇంజినీరింగ్ కాలేజీలో ఇన్‌క్యుబేటర్ (కొత్త సంస్థలకి చేయూతనిచ్చే కేంద్రం) చూసుకునే లెక్చరర్, ఇండస్ట్రియల్ ఎస్టేట్ అసోసియేషన్ సెక్రటరీ, రైతు ఉత్పత్తిదారుల సంఘాలతో పనిచేసే ఎన్జీవో. నేను గట్టిగా నమ్మేది ఒకటే: ఇలాంటి సంస్థ ఒక్క సమస్యని పట్టుకుని దాన్ని చివరిదాకా మోయడంతో మొదలవ్వాలి. భవనం, లోగో, సదస్సు, ఎంఓయూల (అవగాహన ఒప్పందాల) ఫోటోలు ముందు పెట్టుకుంటే మొదటి ఏడాది వాటికే సరిపోతుంది, ఆ ఏడాదిలోనే జనానికి మీ మీద నమ్మకం పోతుంది. కింద మొత్తం మిర్చి ఆరబెట్టడాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. మీ ఊళ్లో అది చేనేత కావచ్చు, రొయ్యలు కావచ్చు, గ్రానైట్ కావచ్చు.

మొదటి మెట్టు: సమస్యని దాని చోటే చూడండి

ఆఫీసులో కూర్చుని పరిశ్రమలకి ఫారాలు పంపి "మీ సమస్యలు రాయండి" అంటే వచ్చే జవాబులు దాదాపు ఒకేలా ఉంటాయి: కరెంటు చార్జీలు, లోన్లు, జీఎస్టీ. అవన్నీ నిజమే, మీరు తీర్చగలిగినవి కావు. మీకు కావలసిన సమస్య యార్డులో నిలబడితే దొరుకుతుంది.

ఒక లాటు పక్కవాడి లాటు కన్నా తక్కువకి పోయిందనుకోండి, కమీషన్ వ్యాపారిని "ఎందుకండీ తగ్గింది?" అని అడిగి చూడండి. "నిమ్ముందండీ. చెయ్యి పెట్టి చూడండి, మెత్తగా లేదూ? దీన్ని ఏసీలో పెడితే బూజు పడుద్ది" అంటాడు. (గుంటూరులో ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ.) బాగా ఎండిన కాయ చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమంటుంది, నిమ్మున్న కాయ పలకదు. అక్కడే ఆగిపోకుండా రైతు దగ్గరికీ వెళ్లండి. "ఇంకో రెండ్రోజులు ఎండబెడితే తూకం పోద్దండీ, రేటేమో అంత పెరగదు" అంటాడు. ఈ రెండో మాట లేకుండా సమస్య మీకు సగమే అర్థమైనట్టు. ఆరబెట్టే యంత్రం ఎంత గొప్పదైనా, ఎండిన కాయకి కొనేవాడు ఎక్కువ ధర ఇవ్వకపోతే రైతు తన బరువు తనే తగ్గించుకోడు. అంటే ఇది యంత్రం సమస్య ఎంతో, కొనుగోలు పద్ధతి సమస్య కూడా అంతే.

మూడో వ్యక్తి ఎక్స్‌పోర్టర్. అతని బాధ అఫ్లాటాక్సిన్, కాయలో నిమ్ము మిగిలితే పెరిగే ఒక రకం బూజు వదిలే విషం. యూరప్ నిబంధనల ప్రకారం మిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకి 5 మైక్రోగ్రాములు, అఫ్లాటాక్సిన్లన్నీ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. దాటితే కంటైనర్ వెనక్కి రావచ్చు. అంటే సరిగా ఎండిన కాయకి ఎక్కువ ధర ఇవ్వడానికి ఇతనికి కారణం ఉంది. మీ మొదటి ఆర్డర్ ఎక్కడినుంచి రావచ్చో ఇప్పుడు కాస్త కనిపిస్తోంది కదా.

ఇలా తిరిగాక సమస్యని ఒక్క పేజీలో రాయండి. ఎవరికి, ఏ నెలల్లో, ఎంత నష్టం. ఇప్పుడు ఏం చేస్తున్నారు, దానికి ఎంత ఖర్చు. ఎంత మెరుగైతే డబ్బు పెడతారు. ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుంది. ఇదివరకు ఎవరైనా ప్రయత్నించారా, ఎందుకు ఆగింది. చివరి ప్రశ్నని వదిలేయకండి, ఊళ్లో ఏ షెడ్డులోనో మూలన పడి ఉన్న పాత డ్రయ్యర్ ఒకటి ఉంటుంది, దాని యజమాని చెప్పే నాలుగు మాటలకి విలువ కట్టలేం.

పేజీలో పరిష్కారం రాయకూడదు. "సోలార్ డ్రయ్యర్ కావాలి" అని రాస్తే సోలార్ డ్రయ్యర్లు అమ్మేవాళ్లే వస్తారు. "కోసిన పండు కాయని నాలుగైదు రోజుల్లో, రంగు పోకుండా, 10 శాతం తేమ దగ్గరికి తేవాలి, వాన పడ్డా ఆగకూడదు, క్వింటాలుకి ఖర్చు కల్లం కూలీకి దగ్గర్లో ఉండాలి" అని రాస్తే మీరు ఊహించని వాళ్లు తలుపు తడతారు.

రెండో మెట్టు: పరిష్కారం పక్క పరిశ్రమలో వెతకండి

మధ్యవర్తి సంస్థ అసలు విలువ ఇక్కడే. మిర్చివాళ్లకి మిర్చివాళ్లంతా తెలుసు, కొత్తగా మీరు పరిచయం చేసేదేం లేదు. వాళ్లకి తెలియనివాళ్లని మీరు తేవాలి.

చింతకింది మల్లేశం గారి సంగతి చూడండి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చేనేత కుటుంబం. పోచంపల్లి రకం చీరకి ఆసు పోయాలంటే, అంటే నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలంటే, వాళ్లమ్మ ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి, భుజాలు పడిపోయేవి. యంత్రం చేద్దామని ఏళ్ల తరబడి కష్టపడి, చివరి ముక్క ఒక్కటి కుదరక ఆగిపోయాడు. బతుకుతెరువు కోసం హైదరాబాద్ వచ్చి బాలానగర్‌లో ఒక యూనిట్‌లో కరెంటు పని చేస్తున్నప్పుడు, అక్కడున్న ఒక యంత్రంలో తనకి కావలసిన కదలికే కనిపించింది. 1999లో ఆసు యంత్రం పూర్తయింది, అమ్మ పేరు మీదే లక్ష్మీ ఆసు యంత్రం అని పెట్టాడు. ఒక్కో చీరకి నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకి వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు.

చేనేతకి కావలసిన జవాబు బాలానగర్ యంత్రంలో ఉంది, అది ఆయనకి యాదృచ్ఛికంగా కంటపడింది. మన సంస్థలు చేయాల్సిన పని ఆ యాదృచ్ఛికాన్ని తగ్గించడం. బ్రిగేడియర్ గణేశం గారి పల్లె సృజన సంస్థ ఊరూరా శోధయాత్రలు చేసి ఇలాంటి వాళ్లని వెతికి, అహ్మదాబాద్ దగ్గరున్న నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ లాంటి చోట్లకి చేర్చడం కూడా ఇదే పనిలో భాగం. సంస్థ పెట్టేముందు వాళ్ల పద్ధతి చూసి రావాలని నా సలహా.

వెతికేటప్పుడు పరిశ్రమల పేర్లతో జాబితా రాయకండి, చేతిలో ఉన్న పనితో రాయండి. "లారీ బాడీ బిల్డర్" అని కాకుండా "రేకు పని, తలుపు సీలు, ఇన్సులేషన్ తెలిసినవాళ్లు" అని రాసుకుంటే అతను మిర్చి సమస్యకి ఎలా పనికొస్తాడో మీకే తెలిసిపోతుంది. కోల్డ్ స్టోరేజీ మెకానిక్‌ని "పెద్ద గదిలో గాలి సమానంగా తిప్పడం తెలిసినవాడు" అని రాయండి. ఇక ప్రకాశం జిల్లా, పాత పశ్చిమ గోదావరి మెట్ట ప్రాంతాల్లో వర్జీనియా పొగాకు రైతులు బ్యారన్లలో (ఆకు ఆరబెట్టే గదుల్లో) వేడిగాలితో ఆకు మగ్గించి ఆరబెడుతున్నారు, ఏ రోజు ఎంత వేడి ఉండాలో, ఎప్పుడు కిటికీ తీయాలో బ్యారన్ కాచేవాళ్లకి చేతిలో పని. ఆరబెట్టడం గురించి ఇంత అనుభవం పక్క పంటలో ఉంటే మిర్చి సమావేశానికి వాళ్లని పిలవకపోవడం పెద్ద లోటు. ఇలా ఒక ముప్పై నలభై మందితో జాబితా చాలు. ప్రతివాళ్లనీ వాళ్ల షెడ్డుకే వెళ్లి కలవండి, ఏం యంత్రాలున్నాయి, ఏ నెలల్లో పని తక్కువ ఉంటుంది, కొత్త పని ఒప్పుకునే మనసుందా, ఈ మూడూ రాసుకోండి.

మూడో మెట్టు: సంస్థ రూపం

దీని మీద ఎక్కువ రోజులు పోగొట్టుకోవద్దు. లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ గానీ, సొసైటీ గానీ సరిపోతుంది. మన రాష్ట్రాల్లో సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. కానీ ఒక ముఖ్యమైన మెలిక ఉంది. కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద పెట్టే) డబ్బు ఖర్చు చేసే పని తీసుకోవాలంటే మామూలుగా ఆ సంస్థకి 12ఏ, 80జీ (ఆదాయపు పన్ను మినహాయింపుల) రిజిస్ట్రేషన్లు, కార్పొరేట్ వ్యవహారాల శాఖలో సీఎస్‌ఆర్-1 నమోదు, వీటితో పాటు అలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం ఉండాలని నిబంధన. కొత్త సంస్థ పెట్టి వెంటనే కంపెనీల చుట్టూ తిరిగితే టెన్షన్ తప్ప ఏం రాదు. అందుకే మొదటి రెండు మూడేళ్లు ఇప్పటికే నడుస్తున్న కాలేజీ ఇన్‌క్యుబేటర్ కిందో, విశ్వవిద్యాలయం కిందో ఒక విభాగంలా మొదలుపెట్టి, పని నిలబడ్డాక విడిగా రిజిస్టర్ చేసుకోవడం మేలు.

బోర్డులో ఏ ఒక్క పరిశ్రమ వాళ్లూ సగం మించకుండా చూడండి. ఎక్స్‌పోర్టర్లే ఎక్కువుంటే రైతు మీ గడప తొక్కడు. బోర్డు సభ్యుల సొంత కంపెనీకి సంబంధించిన నిర్ణయం వచ్చినప్పుడు వాళ్లు లేచి బయటికి వెళ్లాలని నియమావళిలోనే రాసేయండి, తర్వాత మొహమాటం ఉండదు.

నాలుగో మెట్టు: మనిషి

ఇలాంటి సంస్థ నిలబడ్డా పడిపోయినా కారణం కోఆర్డినేటరే. పీహెచ్‌డీ ఉన్నవాళ్లు కావాలనుకుంటారు, నా లెక్కలో డిప్లొమా చేసి పదేళ్లు షాప్ ఫ్లోర్‌లో పనిచేసి, ఆ తర్వాత కొన్నాళ్లు అమ్మకాలు చూసిన మనిషి అంతకంటే ఎక్కువ పనికొస్తాడు. సైంటిస్టు "తేమ శాతం, గాలి వేగం" అంటే వెల్డర్‌కి "ఫ్యాన్ ఇంత పెద్దది, ట్రేల మధ్య ఇంత సందు" అని చెప్పగలగాలి. వెల్డర్ "ఇది ఇలా కుదరదు సార్" అన్నప్పుడు ఎందుకు కుదరదో సైంటిస్టుకి విడమరిచి చెప్పగలగాలి. మిర్చిలో తొడిమ తీసే పని, కల్లం మీద తిరగేసే పని ఎక్కువగా ఆడవాళ్లదే, కాబట్టి వాళ్లతో కూర్చుని మాట్లాడగలిగే ఒక మహిళా కోఆర్డినేటర్ తప్పనిసరిగా ఉండాలి. యంత్రం తలుపు ఎంత ఎత్తులో ఉండాలో, ట్రే ఎంత బరువుంటే ఇద్దరు ఎత్తగలరో చెప్పాల్సింది వాళ్లే.

జీతం దగ్గర పిసినారితనం వద్దు. మనిషి ఏడాదికోసారి మారితే ఊళ్లో సంపాదించిన నమ్మకం వాళ్లతోనే పోతుంది.

ఐదో మెట్టు: మొదటి సమావేశం

ముందు విడివిడిగా అందరితో మాట్లాడి ఉండాలి. సమావేశంలో మొదటిసారి మొహాలు చూసుకునేవాళ్లు ఉన్నా, మిమ్మల్ని మొదటిసారి చూసేవాళ్లు ఉండకూడదు. పది పన్నెండు మందికి మించి పిలవకండి. వేదిక, దీప ప్రజ్వలన, శాలువాలు పెట్టుకుంటే గంటన్నర అందులోనే పోతుంది, రైతు వెనక వరసలో కూర్చుని భోజనం చేసి వెళ్లిపోతాడు. గుండ్రంగా కుర్చీలు వేసి, మధ్యలో బల్ల మీద రెండు గుట్టలు పోయండి, ఒకటి మంచిగా ఎండిన కాయ, ఇంకోటి తాలు కాయ, అంటే రంగు తగ్గిన కాయ. వస్తువు ముందుంటే అందరి నోళ్లూ విడతాయి.

మొదట సమస్య ఉన్నవాళ్లు మాట్లాడాలి, ఆ తర్వాతే ప్రొఫెసర్లు. ఇది తిరగబడితే సమావేశం లెక్చర్ అయిపోతుంది. చివర్లో మూడు విషయాలు తేలకుండా ఎవరినీ లేవనివ్వకండి: వచ్చే రెండు వారాల్లో ఎవరు ఏం చేస్తారు, అందుకు ఖర్చెంత, ఎవరు పెడతారు.

ఒక హెచ్చరిక ఉంది, ఇది చాలామంది పట్టించుకోరు. ఒకే బల్ల దగ్గర పోటీ ఎక్స్‌పోర్టర్లు కూర్చున్నప్పుడు కొనే రేటు గురించి వాళ్లలో వాళ్లు మాట్లాడుకోకూడదు. 2002 కాంపిటీషన్ చట్టం కింద పోటీదారులు ధరలు కూడబలుక్కోవడం చట్టవిరుద్ధం, ఆ బల్ల మీరు వేసిందైతే మీ పేరూ వస్తుంది. నాణ్యతకి అదనపు ధర అన్న మాట ఒక్కొక్కరితో విడిగా మాట్లాడండి.

ఆరో మెట్టు: కాగితాలు ముందే, చిన్నగా

పరిశోధనశాల, కంపెనీ కలిసినప్పుడు గొడవ సాధారణంగా పని సక్సెస్ అయ్యాకే వస్తుంది, కాబట్టి పని మొదలవకముందే రెండు మూడు పేజీల ఒప్పందం రాసుకోండి. ఎవరు ముందునుంచే తెచ్చిన విజ్ఞానం వాళ్లదే. కలిసి కనిపెట్టింది ఎవరిది, ఎవరు ఎక్కడ అమ్ముకోవచ్చు. నమూనా ఎవరి దగ్గర ఉంటుంది. కొలతలు, పరీక్షల ఫలితాలు ఎవరు వాడుకోవచ్చు. ఎవరైనా మధ్యలో తప్పుకుంటే ఏం జరుగుతుంది. అంతే. నలభై పేజీల ఒప్పందం ఆటోనగర్ మేస్త్రీ చదవడు, సంతకం పెట్టినా మనసులో భయం ఉంటుంది. తెలుగులో రాయండి, చదివి వినిపించండి.

పేటెంట్ సంగతి. కొత్త సంగతి ఏదైనా బయటపడితే, దరఖాస్తు వేయకముందే పేపర్లో ఫోటో వేయించుకోవడం, కాన్ఫరెన్సులో పేపర్ చదవడం, యూట్యూబ్‌లో పెట్టడం చేస్తే ఆ కొత్తదనం పోయినట్టే లెక్క, పేటెంట్ రావడం కష్టమవుతుంది. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేస్తే పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల టైమ్ ఉంటుంది, ఈలోపు నిశ్చింతగా పరీక్షలు చేసుకోవచ్చు. ప్రొఫెసర్లకి పేపర్ వేయాలన్న తొందర ఉంటుంది, అది తప్పూ కాదు, వరస మార్చుకుంటే ఇద్దరికీ సరిపోతుంది. ప్రతి చిన్న మార్పుకీ పేటెంట్ అవసరం లేదన్నది కూడా గుర్తుంచుకోండి. తలుపు గొళ్లెం మార్చినందుకు లాయర్ ఫీజు కట్టనక్కర్లేదు.

మీరు, అంటే మధ్యవర్తి సంస్థ, ఆ హక్కుల్లో వాటా అడగొద్దని నా గట్టి అభిప్రాయం. వాటా తీసుకున్న రోజు నుంచి మీరు మధ్యలో లేరు, ఒక పక్షంలో ఉన్నారు. మీ ఖర్చుకి ఫీజు తీసుకోండి, అది అందరికీ ముందే చెప్పండి.

ఏడో మెట్టు: ఒక సీజన్, ఒక ఊరు

మిర్చి కోతలు జనవరి నుంచి ఏప్రిల్ దాకా ముమ్మరం. కాబట్టి నమూనా డిసెంబరుకల్లా కల్లం దగ్గర ఉండాలి, అంటే ఆటోనగర్‌లో పని సెప్టెంబరు అక్టోబరుల్లోనే మొదలవ్వాలి, అంటే ఒప్పందాలు వానాకాలంలోనే తేలాలి. క్యాలెండర్‌ని పంట వైపు నుంచి వెనక్కి లెక్కేసుకోండి. గ్రాంటు మార్చి 31లోపు ఖర్చు పెట్టాలన్న తొందరలో యంత్రం మేలో దింపితే ఏడాది పోయినట్టే.

పైలట్, అంటే మొదటి ప్రయోగం, చిన్నగా ఉండాలి. ఒక ఊరు, ఐదారుగురు రైతులు, ఒకటో రెండో యూనిట్లు. ప్రతి రైతూ సగం కాయ యంత్రంలో, సగం పాత పద్ధతిలో కల్లం మీద ఆరబెట్టాలి, ఒకే రోజు కోసిన కాయ. అలా పోల్చకపోతే వచ్చిన ఫలితం యంత్రం వల్లో ఆ ఏడు ఎండ వల్లో ఎవరూ చెప్పలేరు. లోపలికి వెళ్లేటప్పుడు తేమ, బయటికి వచ్చేటప్పుడు తేమ, పట్టిన గంటలు, కరెంటు లేదా కట్టెల ఖర్చు, కూలీ, తాలు శాతం, చివర్లో ల్యాబులో అఫ్లాటాక్సిన్. ఇవి ఒక నోటుపుస్తకంలో అక్కడి కుర్రాడే రాయాలి, మీటరు చూడటం నేర్పండి. యార్డులో ఈ లాట్లు విడిగా అమ్మించి, రేటు తేడా ఎంత వచ్చిందో అదే పుస్తకంలో రాయండి.

బాగా పని చేయలేదని తేలితే దాచకండి. ఎందుకు చేయలేదో రాసి పాల్గొన్న అందరికీ ఇవ్వండి. మళ్లీ పిలిస్తే వాళ్లు వచ్చేది ఈ నిజాయితీ చూసే.

ఎనిమిదో మెట్టు: మొదటి ఆర్డర్

చాలా సంస్థలు పైలట్ అయిపోగానే రిపోర్టు రాసి వేరే పనిలో పడతాయి. పెళ్లి కుదిర్చి పందిట్లోంచి వెళ్లిపోయే పెళ్లిళ్ల పేరయ్యలా ఉండిపోకూడదు, కాపురం కుదురుకునేదాకా ఉండాలి. రెండో యూనిట్‌ని ఎవరో ఒకరు సొంత డబ్బుతో కొంటేనే పని అయినట్టు.

ఎవరు కొంటారు? ఒంటరి రైతు కొనలేడు, ఏడాదిలో మూడు నాలుగు నెలలే వాడతాడు. రైతు ఉత్పత్తిదారుల సంఘం కొని అద్దెకి ఇవ్వచ్చు, ట్రాక్టర్లు, కోత మిషన్లు అద్దెకి తిరిగినట్టే. కోల్డ్ స్టోరేజీ యజమాని కొని, నిమ్ముతో వచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు) ఆరబెట్టి పెట్టే సేవకి డబ్బు తీసుకోవచ్చు. ఎక్స్‌పోర్టర్ కొని తనకి సరుకిచ్చే ఊళ్లో పెట్టి, ఎండిన కాయకి అదనపు ధర రాతపూర్వకంగా ఒప్పుకోవచ్చు. మూడింట్లో చివరిదే ముందు ప్రయత్నిస్తాను నేను, ఎందుకంటే తూకం పోతుందన్న రైతు భయానికి జవాబు అందులోనే ఉంది. మిగతా నెలల్లో అదే యూనిట్ పసుపుకో మొక్కజొన్నకో పనికొస్తుందా అని కూడా ముందే పరీక్షించి పెట్టుకుంటే కొనేవాడికి లెక్క తేలిగ్గా తెగుతుంది.

డబ్బులు అందే సంగతి మీరే పట్టించుకోవాలి. చిన్న వర్క్‌షాపుకి ఆర్డర్ కన్నా పేమెంట్ ముఖ్యం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న పరిశ్రమలకి కొన్న కంపెనీ 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆ గడువు దాటితే ఆ ఖర్చుని డబ్బు కట్టిన ఏడాదే ఆదాయపు పన్నులో చూపించుకునేలా 43బి(హెచ్) నిబంధన తెచ్చారు, కాబట్టి కొనేవాళ్ల అకౌంటెంట్లకీ ఇప్పుడు పట్టింపు ఉంది. మేస్త్రీకి ఉద్యమ్ నమోదు లేకపోతే ఆర్డర్ తీసుకునే ముందే దగ్గరుండి చేయించండి, ఫోన్లో అయిపోయే పని, ఖర్చు లేదు.

తొమ్మిదో మెట్టు: సంస్థకి డబ్బెక్కడిది

అసలు ప్రశ్న ఇది. జర్మనీలో 1949లో పుట్టిన ఫ్రాన్‌హోఫర్ సొసైటీ ఈ లెక్కకి మంచి ఉదాహరణ: తన పరిశోధన ఖర్చులో సుమారు మూడో వంతే ప్రభుత్వం నుంచి స్థిరంగా వస్తుంది, మిగతా రెండు వంతులూ పరిశ్రమల కాంట్రాక్టులు, పోటీపడి తెచ్చుకునే ప్రాజెక్టుల నుంచి సంపాదించాలి. ఆ స్థిరమైన వంతు లేకపోతే రేపటి సమస్యల మీద పని చేయలేరు, అదే మొత్తం అయిపోతే పరిశ్రమ మాట వినాల్సిన అవసరం ఉండదు. జిల్లా సంస్థకి కూడా ఈ నిష్పత్తి గురిగా పెట్టుకోవచ్చు.

మొదటి భాగానికి మాతృసంస్థ, ప్రభుత్వ పథకాలు. యంత్రాలున్న ఉమ్మడి కేంద్రం కావాలంటే కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ క్లస్టర్ అభివృద్ధి పథకం ఉంది, దానికి యూనిట్లన్నీ కలిసి ఆ ఒక్క పని కోసమే ఒక ఎస్‌పీవీ కంపెనీ పెట్టుకుని తమ వాటా వేసుకోవాలి. చేతివృత్తులు, ఖాదీ లాంటి వాటికి స్ఫూర్తి పథకం. ఈ గ్రాంట్లు భవనానికీ యంత్రాలకీ బాగా వస్తాయి, కోఆర్డినేటర్ జీతానికి చాలా తక్కువగా వస్తాయి. యంత్రాలు కొని, నడిపే మనిషి లేక షెడ్డుకి తాళం వేసిన ఉమ్మడి కేంద్రం పరిస్థితి రాకూడదంటే, అద్దె రేట్లు, నడిపే ఖర్చు మొదటి రోజునే లెక్కేసుకోండి.

రెండో భాగం సభ్యత్వ రుసుము, చిన్నదైనా సరే. ఉచితంగా వచ్చేదాన్ని ఎవరూ లెక్కచేయరు. మూడోది పనికి ఫీజు: సమస్యని అధ్యయనం చేసినందుకు, సరైన ల్యాబుని వెతికిపెట్టినందుకు, పైలట్ నడిపినందుకు. సీఎస్‌ఆర్ సంగతి ముందే చెప్పాను, అది అదనంగా వస్తే సంతోషం, దాని మీద ఆధారపడి ఉద్యోగులని పెట్టుకోవద్దు.

పదో మెట్టు: ఏం లెక్కపెట్టాలి

ఎన్ని ఎంఓయూలు, ఎన్ని వర్క్‌షాపులు, ఎంతమంది హాజరయ్యారు: ఇవి గ్రాంటు ఇచ్చినవాళ్లు అడుగుతారు, ఇవ్వండి. మీ సొంత గోడ మీద మాత్రం వేరే లెక్క పెట్టుకోండి. ఒకరికొకరు తెలియని రెండు పరిశ్రమలు కలిసి ఎన్ని పనులు మొదలుపెట్టాయి, వాటిలో ఎన్ని ఆర్డర్ దాకా వెళ్లాయి, మీ ప్రమేయం లేకుండా వాళ్లే రెండో పని ఎన్నిసార్లు చేసుకున్నారు. ఈ మూడోదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క. ఆటోనగర్ మేస్త్రీ మీకు చెప్పకుండానే నరసరావుపేట రైతు సంఘానికి నేరుగా కొటేషన్ పంపాడంటే మీకు రావలసిన ఫీజు పోయిందని బాధపడకండి, దానికోసమే కదా ఇంత తిరిగింది.

చివరి మెట్టు: రెండో సమస్యకి వెళ్లేముందు

మొదటి సమస్య ఒక సీజన్ దాటి ఆర్డర్లు పడుతున్నాయంటే మీ పాత్ర తగ్గించుకోవచ్చు. వెళ్లేముందు మొత్తం సంగతి రాసిపెట్టండి: ఒక్క పేజీ సమస్య, కలిసిన మనుషుల జాబితా, ఒప్పందం నకలు, పైలట్ నోటుపుస్తకం, కుదరని డిజైన్లు ఎందుకు కుదరలేదో. కోఆర్డినేటర్ రేపు వేరే ఊరు వెళ్లినా కొత్తగా వచ్చినవాళ్లు వారంలో అందుకోగలగాలి.

రెండో సమస్యని మొదటిదానికి దగ్గర్లోనే ఎంచుకోండి. మిర్చి ఆరబెట్టడం తర్వాత తొడిమ తీయడం సహజంగా వస్తుంది, ఎందుకంటే మనుషులంతా మీకు ఇప్పటికే తెలుసు, కొత్తగా కావలసింది ఒకరిద్దరే. ఆ ఒకరిద్దరు ఈసారి ఏ పరిశ్రమలో ఉంటారో, జీడిపప్పు పొట్టు తీసే యంత్రాలు తెలిసిన పలాస వాళ్లేమో, మళ్లీ జాబితా తీసి వెళ్లి కలవండి, వచ్చే కోతలకి ఇంకా నెలలున్నాయి.